మబ్బులో ఏరిన తాలు

"ఈ ఇంట్లో నా ఫొటోల జోలికి వెళ్ళిందెవరో చెప్పాలి. ఇడ్లీలు తిన్నాక కాదు. ఇప్పుడే."

మాధురి ఆ మాట అనేసరికి ఇడ్లీ మీద కారప్పొడి చల్లుకుంటున్న బాలు చెయ్యి గాల్లో ఆగింది. చెయ్యి ఆగింది గాని పొడి ఆగలేదు. అది ఇడ్లీని కప్పేసి, పళ్ళెం దాటి, లుంగీ మీద వాలింది. గుంటూరు కారం కదా, దానికి మొహమాటం తెలియదు.

"నేను కాదు," అన్నాడు బాలు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ లాప్‌టాప్‌కీ నాకూ మాటల్లేవు. అది నాకు మొగసవతి."

"నాలుగు వేల రెండొందల ఫొటోలు బాలూ. వాటికవే లేచి నడిచిపోయాయా?"

"మబ్బులో పెట్టానన్నావుగా. ఎక్కడో కురిసుంటాయి."

ఎవరూ నవ్వలేదు. బాలుకున్న జబ్బే అది. భయమేస్తే జోకేస్తాడు. భయం ఎంత పెద్దదైతే జోకు అంత చిన్నదవుతుంది. ఫొటోలు పోయాయని తెలిసిన నిన్న సాయంత్రం నుంచీ అతను వేసిన జోకులు దోసిట్లో పడతాయి.

వాకిట్లో బాలు నాన్న వెంకటనారాయణ ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవాలా వద్దా అని నిలబడి ఉన్నాడు. నల్లపాడు రోడ్డులో మిరపకాయల కోల్డు స్టోరేజీకి ఆయన సూపర్‌వైజరు. ముప్పై ఏళ్ళుగా ఎనిమిదిన్నరకి బయల్దేరుతున్నాడు. ఇవాళ గోడ గడియారం తొమ్మిది కొట్టినా ఆయన కాలు కదల్లేదు.

గుమ్మం పక్కన నేల మీద కోటేశ్వరి చాట ముందు పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. టప్, టప్, టప్. బాలు పుట్టక ముందు నుంచీ ఈ ఇంటి చప్పుడు అదే. కొడుకు మొహంలోకీ కోడలి మొహంలోకీ చూడలేదామె. కాయల్లోకే చూస్తోంది.

మాధురి ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను అద్దంకి దానయ్యని. ఫోనులో మీ యాపు ఇన్నాళ్ళూ యాపాకంత చేదుగా మాట్లాడినా నిజం చెప్పేది. ఇప్పుడేంది, పంచదార పలుకులు పలుకుతోంది?"

"ఏమైంది దానయ్యగారూ?"

"ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంది. ఫొటో తీసి చూపిస్తే, మీ తోట ఆరోగ్యంగా ఉంది అంటోంది. రోజూ చూపిస్తున్నా. రోజూ అదే పాట. ఆరు రోజులు దాని మాట విని చేతులు కట్టుకు కూర్చున్నా. ఎనిమిది సాళ్ళకి పాకింది."

మాధురి గోడకి ఆనుకుంది. "యాపు మాట వినకండి దానయ్యగారూ. అది పై ముడత. ఇవాళే మందు కొట్టండి. మీ పక్క తోటల వాళ్ళకి కూడా చెప్పండి, యాపు చూడొద్దని."

"నువ్వే చూడమన్నావు, నువ్వే వద్దంటావు. నేను ఎవరి మాట వినాలమ్మా?"

దానయ్య ఫోను పెట్టేశాడు.

మాధురి నాలుగేళ్ళుగా చేస్తున్న పని అదే. అద్దంకి నుంచి పర్చూరు దాకా ఎండా వానా లేకుండా తోటలు తిరిగి, పదకొండు వేల ఫొటోలు తీసింది. మంచి ఆకులు, ముడత పడ్డ ఆకులు, మచ్చలు పడ్డ ఆకులు, కుళ్ళిన కాయలు. అవన్నీ చూసి చూసి యాపులోని మిషను నేర్చుకుంటుంది. రైతు తన ఆకు ఫొటో పెడితే ఏ తెగులో చెబుతుంది. ప్రతి ఆదివారం అది మాధురి ఖాతాలో ఉన్న ఫొటోలన్నీ మళ్ళీ ఒకసారి చదువుకుంటుంది. బుద్ధిమంతురాలు. పోయిన ఆదివారం కూడా చదువుకుంది. అప్పటికి పుస్తకంలో చాలా పేజీలు లేవు.

తెగులు ఫొటో ఒక్కటీ మిగల్లేదు. మంచి ఆకులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

"పదిహేడు వందల మంది రైతులు," అంది మాధురి ఎవరితోనో కాదు, గోడతో. "ఇవాళ ఎంతమంది చేతులు కట్టుకు కూర్చున్నారో."

టప్. టప్.

* * *

పదింటికి హయాత్ వచ్చాడు. మాధురి ఆఫీసులోనే పని. మనిషి సన్నం, బ్యాగు లావు. కుర్చీ ఇస్తే వద్దని కింద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దుటికి ఫొటోలు చూపించకపోతే యాపు మూసేస్తామన్నారు ఆఫీసులో, మాధురీ. నీ ఉద్యోగం సంగతి వాళ్ళు చెప్పలేదు. నేను అడగలేదు."

"అడక్కపోవడమే మంచిది," అన్నాడు బాలు.

వెంకటనారాయణ రెండో చెప్పు వేసుకునే ఉద్దేశం మానుకుని, మొదటిది కూడా విప్పి లోపలికొచ్చాడు. "ముందు నాకో సంగతి చెప్పు బాబూ. ఈ మబ్బు అంటే ఏంది? ఎక్కడుంటది? ముప్పై ఏళ్ళుగా మిరపకాయలకి ఏసీ వేసి కాపలా కాస్తున్నా. సరుకు దాచడం నాకు తెలుసు. దాచిన సరుకు మాయమవడమే తెలియదు."

"మబ్బూ లేదు, మంచూ లేదంకుల్. మీ స్టోరు లాంటిదే. ఎక్కడెక్కడో పెద్ద పెద్ద షెడ్లు. లోపల మిరప బస్తాల బదులు కంప్యూటర్లు. అవి వేడెక్కకుండా వాటికీ చల్లదనం కావాలి."

"అయితే క్లౌడు స్టోరేజీ కూడా కోల్డు స్టోరేజీయేగా." వెంకటనారాయణ మొహంలో పొద్దుటి నుంచీ లేని కళ వచ్చింది.

"అంతే. మీకున్నట్టే గదులున్నాయి. రోజూ కావాల్సినవి గుమ్మం దగ్గర. ఎప్పుడో గాని అక్కర్లేనివి లోపలి గదిలో. లోపలివి బయటికి తియ్యాలంటే గంటలు పడుతుంది."

"మాకూ అంతేగా. అడుగున పడ్డ లాటు కావాలంటే పైవన్నీ దించాలి. హమాలీలు తిట్టుకుంటారు."

"ఇప్పుడు లోకమంతా ఫొటోలూ వీడియోలే అంకుల్. పుట్టేవి కోట్లు, మళ్ళీ తెరిచి చూసేవి పదులు. షెడ్లు ఎన్ని కట్టినా చాలడం లేదు. అందుకని పాతవి లోపలి గదిలోకి తోస్తున్నారు. రెండు నకళ్ళుంటే ఒకటి పీకేస్తున్నారు. మా ఆఫీసూ అదే పని చేసింది. ఆగస్టులో ఆఫీసు నకలు తీసేశారు. కొత్త ఏర్పాటు అయ్యేదాకా మాధురి ఖాతాలో ఉన్నదొక్కటే."

"నా దగ్గర భద్రంగా ఉంటాయని సంతకం పెట్టాను," అంది మాధురి.

వెంకటనారాయణ కోడలి వంక చూశాడు. ఆయన కోప్పడే మనిషి కాదు. అదే ఇబ్బంది. "ఒక్క గదిలోనేనా అమ్మా, మొత్తం సరుకు? మేము పెద్ద రైతు సరుకు వస్తే రెండు గదుల్లో సర్దుతాం. ఒక గదిలో మిషను చెడిపోయినా రెండో గది మిగులుతుందని. నన్ను అడిగినా చెప్పేవాణ్ణే."

మాధురి కళ్ళు తుడుచుకుంది. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్న మనిషికి ముంత గురించి పాఠం చెబితే ఏమంటుంది?

"ఆ కంపెనీ వాళ్ళ షెడ్లలో వేరే నకళ్ళుంటాయిగా?" అన్నాడు బాలు.

"ఉంటాయి. రెండు మూడు చోట్ల. షెడ్డు తగలబడినా ఫొటో పోదు. కాని మనమే తీసెయ్యమంటే అన్ని చోట్లా తీసేస్తారు. దాన్ని సింకు అంటారు."

"సింకంటే గిన్నెలు తోముకునేదేగా," అంది కోటేశ్వరి.

ఆ ఉదయం ఆమె మాట్లాడిన మొదటి మాట అది. నలుగురూ అటు తిరిగారు.

"అది కాదమ్మా," అన్నాడు హయాత్. "అద్దం లాంటిది. ఇక్కడ మీ బొట్టు చెరిపితే అద్దంలోనూ చెరుగుతుంది చూడండి. ఫోనులో ఒక ఫొటో తీసేశామనుకోండి, మబ్బులోనూ పోతుంది. దాచుకోవడం వేరు, అద్దంలో చూసుకోవడం వేరు. చాలామందికి ఆ తేడా పోయాకే తెలుస్తుంది."

చాటలో చేతులు ఆగిపోయాయి.

హయాత్ అది గమనించలేదు. తెర మీద ఏదో చదువుతున్నాడు. "బయటి దొంగ కాదు మాధురీ. ఈ ఖాతా రెండు చోట్ల తెరిచి ఉంది. ఒకటి నీ లాప్‌టాప్. ఇంకోటి ఒక ఫోను. తీసేసిందంతా ఆ ఫోను నుంచే. ఇరవై ఆరు రోజులు, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. ఆదివారాలు లేవు."

"వారానికో సెలవు తీసుకునే దొంగ," అన్నాడు బాలు. "వాడికి మనకంటే మంచి ఉద్యోగం ఉంది."

"పాత మోడలు. నీలం ఫోను అని పేరు పెట్టి ఉంది," అన్నాడు హయాత్.

మాధురి తలెత్తింది. నీలం రంగు ఫోను ఆమెదే. కొత్తది కొనుక్కున్నాక, వినాయక చవితి నాడు పాతది అత్తగారి చేతిలో పెట్టింది. సీరియళ్ళు చూసుకోవచ్చు అత్తయ్యా, అంది. లోపల తన ఖాతా తెరిచే ఉందన్న సంగతి ఆ రోజు బూరెల హడావుడిలో గుర్తు రాలేదు.

ఆ ఫోను ఇప్పుడు కోటేశ్వరి రొంటిన ఉంది. నీలం అంచు కనిపిస్తూనే ఉంది.

* * *

"ఏందట్టా చూస్తారు?" అంది కోటేశ్వరి. "నేను దొంగనా?"

"అత్తయ్యా, నా ఫొటోలు మీరు తీసేశారా?"

"ఫోను నిండిపోయిందని రోజూ అదే చెప్పింది. స్థలం లేదు, స్థలం లేదు అని మొత్తుకునేది. సీరియల్లో సరిగ్గా కోడలు నోరు తెరిచేసరికి ఆగిపోయేది. ఏం నిండిందా అని చూస్తే ఆకులు, కాయలు. మంచీ చెడ్డా కలగాపులగంగా పడున్నాయి. అట్టా ఉంటే నా చెయ్యి ఊరుకుంటుందా?"

ఊరుకోదు. అది నిజం. ఇరవై రెండేళ్ళు ఆమె మిరప కళ్ళాల్లో కాయలు ఏరింది. పండిన ఎర్రకాయ ఒక పక్క, రంగు చచ్చిన తెల్లకాయ ఒక పక్క. ఆ తెల్లదాన్నే తాలు అంటారు. పదిమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి ఆమె. బస్తాలో చెయ్యి పెట్టే ముందు వ్యాపారి, ఇది కోటేశ్వరి ఏరిన కాయేనా, అని అడిగేవాడట. అవునంటే చెయ్యి పెట్టకుండానే చెయ్యి కలిపేవాడట.

"మచ్చ ఉన్నదీ ముడత ఉన్నదీ తీసేశా. మంచివన్నీ నీకే ఉంచా," అంది కోటేశ్వరి. "ఇంకా మెచ్చుకుంటావనుకున్నా."

"అవి తాలు కాదత్తయ్యా." మాధురి గొంతు పెద్దదవలేదు. సన్నబడింది. "అవే నా పంట. రోగం చూపిస్తేనే గదా మిషనుకి రోగమంటే ఏంటో తెలిసేది. ఇప్పుడది మంచి ఆకులే చూసి పెరిగింది. దానికి లోకమంతా పచ్చగానే కనిపిస్తోంది. దానయ్యగారి తోట ముడుచుకుపోతుంటే బాగుందంటోంది."

"నాకెట్టా తెలుస్తది?"

"అడగొచ్చుగా."

"అడగలేదా? నాలుగేళ్ళుగా అడుగుతున్నా. పొద్దున్నే పోతావు, మోకాళ్ళ దాకా బురదతో వస్తావు. ఏం పనే అంటే డేటా అంటావు. డేటా అంటే ఏందే అంటే, నీకు అర్థం కాదులే అత్తయ్యా అంటావు. మిరపాకు గురించి నాకు అర్థం కాదా? మీ ఆయన్ని పొత్తిళ్ళలో పెట్టుకుని మిరప కళ్ళంలో కూర్చున్నదాన్ని."

"అమ్మా," అన్నాడు బాలు.

"నువ్వుండరా."

వంటింట్లో కుక్కరు మూడు కూతలు వేసింది. ఎవరూ లేవలేదు. నాలుగోది వేసింది. అప్పుడు బాలు వెళ్ళి ఆపొచ్చాడు. ఇంట్లో అంతకంటే అరిచేవాళ్ళు ఎవరూ లేకపోవడం అతనికి బొత్తిగా నచ్చలేదు.

"చెత్తబుట్ట ఉంటుంది," అన్నాడు హయాత్. "తీసేసినవి ముప్పై రోజులు అందులో ఉంటాయి. మొదలుపెట్టి ఇరవై ఆరు పనిదినాలు. లెక్క చూస్తే మొదటి రోజువి నిన్నో ఇవాళో పోయుంటాయి, మిగతావి ఉండాలి. అమ్మా, ఆ ఫోను ఒకసారి ఇవ్వండి."

కోటేశ్వరి రొంటిన ఉన్న ఫోను తీసి, పైట కొంగుతో తుడిచి ఇచ్చింది. హయాత్ వేలు రెండు సార్లు కదిలింది. తర్వాత కదలడం మానేసింది.

"ఏముంది?" అంది మాధురి.

"ఏమీ లేదు. బుట్ట ఖాళీగా ఉంది."

"రోజూ ఊడ్చేదాన్ని," అంది కోటేశ్వరి. ఈసారి గొంతు తగ్గింది. "తాలు బస్తా బయటికి వెళ్ళాక కళ్ళం ఊడవకుండా ఎట్టా లేస్తాం? ఒక్క తాలు కాయ ఉన్నా మర్నాడు మంచి కాయలో కలుస్తుంది."

మాధురి నేల మీద కూర్చుంది. అత్తగారికి ఎదురుగా, మధ్యలో మిరపకాయల చాట. నాలుగు పంటల కాలం. పాము పక్కనుంచి పోయినా కదలకుండా తీసిన ఫొటోలు. ఒక్కో ఆకు ఏ ఊరిదో, ఏ గట్టు పక్కదో చెప్పగలదు. చెప్పడానికి ఆకే లేదు.

"పోన్లే మాధురీ," అన్నాడు బాలు. ఈసారి జోకు కూడా దొరకలేదు. "అమ్మ తెలియక పారేసింది. జరిగిందేదో..."

"పారేశానని ఎవడన్నాడురా?"

కోటేశ్వరి లేచి నిలబడింది. ఒళ్ళోని తొడిమలన్నీ నేల మీద రాలాయి.

"ఇరవై రెండేళ్ళ పని. తాలు ఏనాడైనా పారబోశానా? తాలు పారేసేవాళ్ళు మిరపకాయలు ఏరడానికి పనికొస్తారా? తాలుకీ బస్తా ఉంటుంది. తాలుకీ మిల్లు ఉంటుంది. మంచి కాయకి మంచి చోటు, తాలుకి తాలు చోటు. పారేసింది అంటాడు, పారేసింది. ఏవయ్యా, నువ్వు చెప్పు. మన ముఠా ఏరిన తాలు ఎప్పుడూ ఎవరు తీసుకుపోయేది?"

వెంకటనారాయణ మెల్లగా అన్నాడు. "పర్చూరు గురవమ్మ."

"ఆ. అదే చేశా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మాధురికి ముందు అర్థమైంది.

"వాట్సాప్‌లో పంపారా?"

"వందేసి చొప్పున. వందకి మించి ఒప్పుకోదు ఆ ఫోను, నేను చూశా. పంపేదాన్ని, ఇక్కడ తీసేసేదాన్ని, ఊడ్చేసేదాన్ని. పంపినట్టు వాట్సాప్‌లో నా పక్కన మిగిలినవి కూడా ఊడ్చేశా. నిండిందనే గదా మొదలుపెట్టింది."

హయాత్ పైకి లేచి మళ్ళీ కూర్చున్నాడు. "అట్లా పంపితే ఫొటో చిక్కిపోతుంది మాధురీ. తేదీ, ఊరు రాసి ఉన్నవి పోతాయి. కాని ఆకు ఆకే. మిషనుకి చూపించడానికి చాలు."

"తేదీలు నా నోట్‌బుక్కులో ఉన్నాయి. ఏ ఆకు ఏ తెగులో మళ్ళీ రాసుకుంటాను. నాలుగు వేలు. రాత్రంతా కూర్చుంటే..."

"ఎందుకు రాయడం?" అంది కోటేశ్వరి. "కలిపి పంపుతానా? పై ముడత ఒక రోజు పంపా. కింది ముడత ఇంకో రోజు. ఆకుమచ్చ, కాయకుళ్ళు, అన్నీ వేరు వేరుగా. ఏ పూట ఏది పంపానో నోటికొచ్చు. నువ్వు కింది ముడత అని రాసిపెట్టినవాటిలో వందకి పైగా పై ముడతవి. ఈనె చూస్తే తెలియదూ? అవి తీసి అందులో కలిపా."

మాధురి హయాత్ వంక చూసింది. హయాత్ మాధురి వంక చూశాడు. రెండేళ్ళుగా మిషను తికమకపడేది సరిగ్గా అక్కడే. ఒక ముడతని ఇంకో ముడత అనేది. ఎక్కడ తప్పుతోందో తెలియక ఇద్దరూ ఎన్ని ఆదివారాలు తల పట్టుకున్నారో వాళ్ళకే తెలుసు. తప్పు మిషనుది కాదు. పుస్తకం రాసిన పంతులమ్మది.

"అత్తయ్యా," అంది మాధురి. ఇంకేదో అనబోయింది. అది క్షమాపణో, ఫిర్యాదో, తనకే తేలలేదు. "గురవమ్మ పెద్దమ్మకి ఫోన్ చెయ్యండి."

కోటేశ్వరి చేసింది. చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపయ్యాక ఫోను చెవి నుంచి తీసి దాని మొహంలోకి చూసింది, అదేదో ఎదురు మాట్లాడినట్టు.

"స్విచ్చాఫ్ అంటోంది."

* * *

పన్నెండింటికి స్విచ్చాఫ్. ఒంటిగంటకి స్విచ్చాఫ్. అన్నాలు వడ్డించారు గాని ఎవరి పళ్ళెంలోనూ తరగలేదు. హయాత్ ఆఫీసుకి వెళ్ళాడు, రేపు పొద్దుటి దాకా వాళ్ళని ఆపి ఉంచడానికి. దానయ్య మళ్ళీ చేశాడు, పక్క తోటలో కూడా ముడత కనబడుతోందని. ఆ తర్వాత ఎవరో తెలియని రైతు చేశాడు. మాధురి ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పింది. యాపు చూడొద్దండి, ఆకు చూడండి.

కోటేశ్వరి మాత్రం చాట ముట్టుకోలేదు. ఇంట్లో టప్ టప్ చప్పుడు లేకపోతే ఎంత భయంగా ఉంటుందో బాలుకి ఆ మధ్యాహ్నమే తెలిసింది.

రెండున్నరకి కోటేశ్వరి ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఒసేయ్ కోటేశ్వరే, నేనేనే గురవమ్మని. ఇది పక్కింటి వెంకటరావమ్మ ఫోను. నాది చచ్చింది."

"చచ్చిందా?" కోటేశ్వరి స్పీకరు నొక్కింది.

"చావదూ? నెల రోజుల్నుంచీ టింగు టింగు. ఆకులు, ఆకులు, ఆకులు. ఏంటివే అందామంటే నువ్వు ఒక్క మాట చెప్పవు. చూడగా చూడగా తెలిసింది, ఇది తాలు లెక్కన పంపుతోందని. పిచ్చిదానా, ఫోనులో తాలు నేనేం చేసుకోను? ఏ మిల్లుకెయ్యను? నిన్న ఊపిరాడక ఆగిపోయింది. పొద్దున్నే బస్టాండు కాడ ఫోన్లు బాగుచేసే సైదా కొట్లో ఇచ్చొచ్చా. లోపలిదంతా తుడిచేసి కొత్త దానిలా చేస్తా, అయిదింటికి రమ్మన్నాడు."

మాధురి ఫోను లాక్కుంది. "పెద్దమ్మా, నేను మాధురిని. తుడిచేశాడా? ఇంకా తుడవలేదా?"

"ఏమో తల్లీ. నేను వచ్చేటప్పటికి ముందర ఇంకో రెండు ఫోన్లున్నాయి. ఇందాక అటు పోతే తలుపు దించి అన్నానికెళ్ళాడు. తుడిచి వెళ్ళాడో, వచ్చి తుడుస్తాడో."

"అతని నంబరు ఉందా?"

"కొట్టు బోర్డు మీద రాసుంటుంది. నాకు చదువే వస్తే ఫోను తీసుకుని వాడి దగ్గరికెందుకు పోతా?"

"మీరు ఇప్పుడే వెళ్ళి కొట్టు ముందు కూర్చోండి పెద్దమ్మా. అతను రాగానే ఆపండి. మేము వస్తున్నాం. ఫోను పెట్టెయ్యొద్దు, వెంకటరావమ్మగారిది మీ దగ్గరే ఉంచుకోండి."

"మోకాళ్ళ నొప్పులే తల్లీ. పోతాలే. మెల్లగా పోతా."

బాలు అప్పటికే కారు తాళాలు తీశాడు. ఇంటి నుంచి పర్చూరుకి గంటన్నర. మధ్యలో చిలకలూరిపేట జనం, ఆ జనం మధ్యలో పత్తి లారీలు. వెంకటనారాయణ గడియారం చూసి వేళ్ళ మీద నిమిషాలు లెక్కపెట్టాడు.

మాధురి కారు ముందు తలుపు తీసింది. వెనక నుంచి అడుగుల చప్పుడు. కోటేశ్వరి చెప్పులు లేకుండానే వచ్చేసింది. చీరకి ఇంకా తొడిమలు అంటుకుని ఉన్నాయి.

"నేనూ వస్తా."

పొద్దుటి నుంచీ మాధురి అత్తగారి మొహంలోకి సూటిగా చూసింది అప్పుడే. ఇరవై ఆరు మధ్యాహ్నాలు ఈమె ఈ ఫోను ముందు కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆకు ఆకూ చూసింది. ఆఫీసులో ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. నిజం చెప్పాలంటే తనూ చూడలేదు.

వెనక తలుపు తీసి పట్టుకుంది. కోటేశ్వరి ఎక్కింది. మాధురి ముందు సీటు వదిలేసి ఆమె పక్కనే కూర్చుంది.

బాలు గేటు దాటించాడు. ఇద్దరి మధ్యా నీలం ఫోను స్పీకరులో పెట్టి ఉంది. అందులోంచి గురవమ్మ నడక, ఆయాసం, పర్చూరు ఎండ, అన్నీ వినిపిస్తున్నాయి.

"వచ్చాడా పెద్దమ్మా?"

"ఇంకా సందు మొదట్లోనే ఉన్నా తల్లీ. అన్నట్టు సైదా చెడ్డోడు కాదులే. పొద్దున ఫోను తీసుకునేటప్పుడు అడిగాడు. లోపల దాచిపెట్టాల్సినవి ఏమన్నా ఉన్నాయా పెద్దమ్మా, ఉంటే ముందు వేరే చోట పెట్టి అప్పుడు తుడుస్తా అని."

మాధురి చెయ్యి కోటేశ్వరి చేతి మీద పడింది. పడిన సంగతి ఇద్దరికీ తెలియదు.

"నువ్వేం చెప్పావే గురవమ్మా?" అంది కోటేశ్వరి.

"ఏం చెబుతా? ఏముంటాయి నాయనా, అంతా తాలే, అన్నా."